కర్నల్ కొఠారి కనకయ్య నాయుడుగారు

మన మహాసభలలో విద్యావిషయము చర్చకు వచ్చినప్పుడెల్ల సి. కె. నాయుడుగారి పేరు స్మరింపబడుచుండుట ఆచారమైనది. భారతదేశపు ప్రథమ టెస్టు క్రికెట్టు జట్టునకు నాయకత్వము వహించిన వారు తెలుగువారగుట మనకెల్లరకును గర్వకారణమే. కాని ఆ మహనీయుడు ఏ విధమున నాయకుడయ్యెనో, ఆ నాయకత్వము నెచ్చట నేర్చెనో తెలిసికొన యత్నించువారు మాత్రము అరుదు. మేము ముప్పదియైదు సంవత్సరములు పాఠశాలలలో సంస్కృతాంధ్రములు బోధించిన వారము. క్రికెట్టునందు మాకు గల ప్రవేశము మైదానపు అంచున నిలిచి పిల్లల యాటను చూచుటకే పరిమితము. అయినను బాలురు మనుష్యులుగా మారు క్రమమును దీర్ఘకాలము గమనించినవారము గనుక, ఆ దృష్టితో నాయుడుగారి చరిత్రమును పాఠకమహాశయుల యెదుట నుంచుటకు సాహసించుచున్నాము.

నాయుడుగారు 1895వ సంవత్సరము అక్టోబరు 31వ తేదీన నాగపురమున జన్మించిరి. వారి వంశము తెలుగునాటినుండి తరలిపోయి అచ్చట స్థిరపడినది. పితామహులు కొఠారి నారాయణస్వామి నాయుడుగారు న్యాయవాదులు, భూస్వాములు; కాంగ్రెసు తొలినాళ్ళ కార్యములందు పాల్గొన్నవారు. తండ్రి సూర్యప్రకాశరావు నాయుడుగారు ఇంగ్లండున కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున చదివి వచ్చి న్యాయశాఖలో నున్నతపదవుల నలంకరించిరి. ఇట్టి యింట బుట్టిన బాలుని చేతికి ధర్మశాస్త్ర గ్రంథములే గాని బ్యాటు వచ్చుట దుర్లభమని తలంతుము. కాని ఆ తండ్రి కేంబ్రిడ్జిలో క్రీడలకు గల గౌరవమును కన్నులార చూచినవాడు. కుమారుడు మొదట బంతిని అడ్డుకొనుటయందే శ్రద్ధ చూపుచుండగా, భయము విడిచి కొట్టుమని తండ్రియే ప్రోత్సహించెనని చెప్పుదురు. ఈ మాట నిజమైనచో, తండ్రులకు ఇంతకు మించిన యాదర్శము వేరొకటి మాకు తోచదు.

బాల్యముననే ఆయన పాఠశాల జట్టులో చేర్చుకొనబడెను. నాగపురమునందలి హిస్లాపు కాలేజియేటు ఉన్నతపాఠశాలలో చదువుచు ఆ జట్టునకు నాయకుడయ్యెను. ఈ దశను చరిత్రకారులు రెండు పంక్తులలో ముగించి ముందునకు సాగుదురు. మేము మాత్రమిచ్చట కొంత నిలువగోరుచున్నాము. ఏలయన, మా యెఱుకలో మూలమంతయు నిచ్చటనే యున్నది.

తరగతిలో బాలుడు తన మార్కులకు తానొక్కడే కర్త. ప్రక్కవాడు తప్పినను వీనికి నష్టము లేదు. సత్యము చెప్పవలెనన్న, కొందరికి అది లాభముగా కూడ తోచును. ఆటలో నట్లు గాదు. పరుగు తీయువేళ అవతలి కొసనున్నవాని పిలుపును నమ్మి పరుగెత్తవలెను. ఆ పిలుపు పొరపాటైనచో తన వికెట్టు పోవును. పోయినను మొగము చిట్లింపక తిరిగి రావలెను. న్యాయనిర్ణేత వ్రేలెత్తినంతనే వాదము లేక మరలవలెను. పదునాలుగేండ్ల బాలునకు ఇది సామాన్యమైన తపస్సు కాదు. ఇక నాయకుడైన బాలుని కష్టము మఱింత యెక్కువ. బంతి వేయుటకు పదిమంది చేతులు చాచుచుండగా ఆతడు ఇద్దరికే యీయవలెను. తక్కిన యెనమండుగురి మనస్సు చెడకుండ చూడవలెను. ఎవడు వేగముగా పరుగెత్తును, ఎవని చేయి వణకును, ఎవనికి మెచ్చుకోలు కావలెను, ఎవనికి మందలింపు కావలెను అను విషయములు ఆతడెఱుగవలెను. తాను ప్రాణస్నేహితునకు బంతి యిచ్చి, వాడు పరుగులు సమర్పించుకొనుచున్నచో, నలుగురి యెదుట వానిచేతినుండి బంతి తీసికొనవలెను. ఓడినచో నింద తనది. గెలిచినచో కీర్తి పదునొకండుగురిది. ఈ విద్య నే పుస్తకము నేర్పగలదు? నీతిశాస్త్రములు మేమును చదివితిమి, చదివించితిమి. వల్లెవేసిన బాలుడు వానిని పరీక్షలో వ్రాయును. ఆడిన బాలుడు వానిని ఆచరింపక తప్పదు.

1916లో, ఇరువదియొకటవ యేట, నాయుడుగారు బొంబాయి చతురస్ర పోటీలో హిందూ జట్టు తరఫున యూరోపియనుల కెదురుగా ప్రథమశ్రేణి క్రికెట్టులో ప్రవేశించిరి. జట్టు 79 పరుగులకు ఏడు వికెట్లు కోల్పోయి దీనావస్థలో నుండగా ఆయన బ్యాటు పట్టుకొని వచ్చిరి. మొదటి మూడు బంతులను నిలువరించి, నాలుగవదానిని గగనమార్గమున సరిహద్దు దాటించిరి. మూడు బంతుల యోర్పును నాలుగవ బంతి తెగువయు నొక్కచోట నుండుటయే మాకు ముఖ్యముగా గానవచ్చుచున్నది. ఆ పోటీలు మతములవారీ జట్లతో జరుగునవి. అది పలువురకు రుచింపక, కడకు 1946తో నవి నిలిచిపోయినవి. అయినను దేశమునకు నాయుడుగారిని మొట్టమొదట చూపినది ఆ రంగమే యని యొప్పుకొనవలసియున్నది.

1923లో హోల్కరు మహారాజు వారిని ఇందూరునకు పిలిపించి తమ సైన్యమున కాప్టెనుగా నియమించిరి. నాటినుండి ఇందూరే వారి నివాసము. అచ్చట పదుమూడేండ్ల ముసల్మాను బాలు డొకడు ఆడుచుండగా ఆయన కంటబడెను. ఆ బాలుని ప్రతిభను గుర్తించి చేరదీసి తీర్చిదిద్దిరి. ఆతడే ముస్తాక్ ఆలీ. 1934 జనవరిలో కలకత్తాలో పందొమ్మిదేండ్ల ముస్తాక్ ఆలీ నాయుడుగారి నాయకత్వముననే టెస్టు రంగమున నడుగిడెను. 1936లో మాంచెస్టరులో 112 పరుగులు చేసి విదేశగడ్డపై టెస్టు శతకము సాధించిన ప్రథమ భారతీయుడయ్యెను. తన తమ్ముడు సి. యెస్. నాయుడును అదే కలకత్తా టెస్టున ప్రవేశించెను. తమ్మునికి జూపిన శ్రద్ధనే పరాయి బాలునకును జూపిన గురువు నాయుడుగారు. కులసంఘములలో తిరుగు మనము ఈ సంగతిని ప్రత్యేకముగా గుర్తింపదగును.

వారి కీర్తిని దేశమంతట చాటినది 1926 డిసెంబరు నాటి బొంబాయి ఆట. గిల్లిగను నాయకత్వమున ఎం. సి. సి. జట్టు ఇంగ్లండునుండి వచ్చియుండెను. బొంబాయి జింఖానా మైదానమున ఆ జట్టులోని ఎర్ల్ అనువాడు భారీ దెబ్బలతో 130 పరుగులు చేసి ప్రేక్షకులను నివ్వెఱపఱచెను. మరునాడు నాయుడుగారు బదులు చెప్పిరి. రెండు గంటలైనను నిండకమునుపే 153 పరుగులు, అందు పదునొకండు సిక్సర్లు! ఆట వార్త నగరమున ప్రాకగా జనులు పనులు మాని మైదానమునకు వచ్చిరట. చోటు దొరకనివారు చెట్లెక్కిరట. పరదేశపు జట్టువారు వెండి బ్యాటు బహూకరించిరి. ఆ యాటను చూచిన గిల్లిగను భారతీయులు టెస్టు స్థాయికి తగినవారని విశ్వసించి, దేశమున కొక క్రికెట్టు బోర్డు ఏర్పాటు చేసికొనుడని ప్రోత్సహించెను. 1928లో ఆ బోర్డు వెలసెను. ఒక్క మధ్యాహ్నపు ఆటకు ఇట్టి ఫలము కలుగుట అపూర్వము.

1932లో భారత జట్టు ఇంగ్లండునకు పయనమయ్యెను. ఆ కాలమున జట్టు నాయకత్వము రాజకుటుంబములకే చెల్లునని తలంపు బలముగా నుండెను. పోరుబందరు మహారాజు నాయకులుగాను, లింబ్డి రాజకుమారుడు ఘనశ్యామసింహజీ ఉపనాయకులుగాను నియమింపబడిరి. పోరుబందరు మహారాజు సజ్జనులు. తమ యాటశక్తి యెంతటిదో తామెఱిగినవారు. ప్రధానమైన ఆట సమీపించినప్పుడు స్వయముగా తప్పుకొనిరి. ఉపనాయకులు దెబ్బచే ఆడలేకపోయిరి. అట్లు నాయకత్వము, ఏ సింహాసనమునకును సంబంధింపని నాయుడుగారికి వచ్చినది. జట్టులో కొందరు ఆయన క్రింద నాడుటకు సమ్మతింపక ముందటి రాత్రి మొఱపెట్టిరని చరిత్రకారులు వ్రాసిరి. ఆయన కఠినశాసనుడని కొందరికి జంకు. తమవంటి సామాన్యుడని కొందరికి చిన్నచూపు. పెద్దలు ఆ మొఱ నాలకింపలేదు.

జూను 25వ తేదీన లార్డ్సు మైదానమున ఆట ప్రారంభమయ్యెను. ఇంగ్లండు తరఫున ముందుగా వచ్చిన హోమ్సు, సట్క్లిఫులు సుమారు పదిరోజుల క్రితమే యార్కుషైరు కొఱకు 555 పరుగుల భాగస్వామ్యము నెలకొల్పిన ధీరులు. అట్టివారిని మహమ్మదు నిస్సారు ప్రారంభముననే కూల్చివేసెను. వూలీ పరుగు తీయబోయి దొరకెను. పందొమ్మిది పరుగులకు మూడు వికెట్లు! తొలిసారి టెస్టు రంగమున నిలిచిన పరతంత్ర దేశపు జట్టు ఇంగ్లండు నట్టి స్థితికి తెచ్చెనన్న వార్త నాటి భారతీయుల కెంతటి యానందమును గూర్చెనో ఊహింపవచ్చును. జార్డిను నిలిచి తన జట్టును గట్టెక్కించెను. ఇంగ్లండు 259 చేసెను. నాయుడుగారికి బంతి నాపబోవుటలో చేతికి తీవ్రమైన గాయమయ్యెను. ఆ చేతితోడనే బ్యాటు పట్టి 40 పరుగులు చేసిరి. జట్టు చేసిన 189లో అదియే యధికము. కడకు భారత జట్టు 158 పరుగుల తేడాతో నోడినది. ముందటి రాత్రి మొఱపెట్టినవారెవరో, పెట్టనివారెవరో తెలియనట్లుగా మూడు దినములును పదునొకండుగురు నొక్కటై ఆడిరి. గాయపడిన చేతితో ముందు నిలిచిన నాయకుని చూచిన పిమ్మట మొఱలకు చోటెక్కడిది?

ఆ పర్యటనమున ప్రథమశ్రేణి ఆటలలో నాయుడుగారు 1,618 పరుగులు చేసి 65 వికెట్లు తీసిరి. బర్మింగుహాములో వారు కొట్టిన యొక సిక్సరు ప్రక్కనున్న రీ నదిని దాటి యొక జిల్లానుండి మఱియొక జిల్లాకు పోయెనని నేటికిని చెప్పుకొందురు. 1933లో విజ్డను వార్షిక గ్రంథము వారిని ఆ యేటి యైదుగురు క్రీడాకారులలో నొకరిగా నెన్నుకొనెను.

1933 డిసెంబరులో భారతభూమిపై ప్రథమ టెస్టు బొంబాయిలో జరిగెను. జార్డినే తిరిగి ప్రతిపక్షనాయకుడు. రెండవ వంతులో జట్టు తడబడుచుండగా యువకుడైన లాలా అమరనాథు, నాయుడుగారును కలిసి 186 పరుగులు జోడించిరి. అమరనాథు 118 చేసి భారతదేశపు తొలి టెస్టు శతకకర్త యయ్యెను, నాయుడుగారివి 67. ప్రజలు శతకమును స్మరింతురు, న్యాయమే. అవతలి కొసను నిలిచి చిన్నవాని వేడికి హద్దు గీచిన పెద్దవానిని గూడ స్మరించుట మా వృత్తిధర్మము.

1936 సంవత్సరము వారికి కఠినపరీక్ష. ఆ యేటి ఇంగ్లండు పర్యటనమునకు విజయనగర రాజకుమారులు నాయకులైరి. వారును తెలుగువారే, క్రికెట్టునకు ధనమును, ఆదరమును ధారవోసినవారే. కాని మైదానమున నిలిచి జట్టును నడుపు విద్య ధనముతో లభించునది కాదు. మూడు టెస్టులలో వారు చేసిన పరుగులు ముప్పదిమూడు. జట్టు వర్గములుగా చీలెను. అమరనాథును మధ్యలో నింటికి పంపివైచిరి. పిమ్మట నియమింపబడిన బోమాంటు విచారణసంఘము నాయకత్వలోపమును నిష్కర్షగా నెత్తిచూపినది. నాయుడుగారిని గూడ అది విడువలేదు. ఆయన జట్టునకు ఎడముగా మెలగి నాయకునకు తగిన తోడ్పాటు నీయలేదని తప్పుపట్టినది. మేమీ విషయమును దాచదలపలేదు. అర్హుడైనవాడు అనర్హుని క్రింద పనిచేయునప్పుడు మనస్సును నిగ్రహించుకొనుట మైదానవిద్యలో నుత్తమభాగము. అందు నాయుడుగారు పూర్ణముగా నుత్తీర్ణులు కాలేదని యొప్పుకొనుటచే వారి గౌరవమునకు లోపము కలుగదు. అయినను ఓవలు మైదానమున జరిగిన ఆఖరి టెస్టున, అల్లెను విసరిన వేగపు బంతి దేహమునకు తగిలినను వెనుదీయక 81 పరుగులు చేసిరి. అవి యేడు టెస్టులలో వారు చేసిన యత్యధికము. అదియే వారి కడపటి టెస్టు ఇన్నింగ్సు.

నలువదియేండ్లు దాటినవాడు ఇక విశ్రమించునని యెల్లరు తలంతురు. నాయుడుగారి నిజమైన గురుత్వము ఆ పిమ్మటనే వికసించినది. హోల్కరు జట్టునకు వారు చిరకాలము నాయకులు. సర్వటే, నింబాల్కరు, ముస్తాక్ ఆలీ, సి. యెస్. నాయుడు మొదలగువారితో కూడిన ఆ జట్టు 1945-46 మొదలు 1952-53 వఱకు గల కాలమున రంజీ కప్పును నాలుగు పర్యాయములు గెలిచెను. 1945-46లో మైసూరు జట్టు మీద ఎనిమిది వికెట్లకు 912 పరుగులు చేసినప్పుడు ఆరుగురు శతకములు సాధించిరి. ఆ యార్గురిలో ఏబదియేండ్ల నాయకుడును ఒకడు. నియమపాలనమునందు వారు మిక్కిలి కఠినులు. సోమరితనమును సహింపరు, దెబ్బ తగిలినదని చెప్పుట వారి యెదుట చెల్లదు. 1951-52 రంజీ తుదిపోటీలో ఫడ్కరు విసరిన బంతి నోటికి తగిలి పళ్ళూడినను, వానిని వికెట్టుమీదనుండి ప్రక్కకు త్రోసి, వైద్యుని సాయము నిరాకరించి, బంతి వేగము తగ్గింపవలదని ఫడ్కరునకే చెప్పి ఆట కొనసాగించిరి. అప్పటికి వారికి ఏబదియాఱేండ్లు. ఇంతటి కాఠిన్యము పిల్లలకు పనికిరాదని మేము తలంతుము. గాయమైన బాలుని మేమైతే తక్షణమే వైద్యునికడకు పంపుదుము. కాని తనకు వర్తింపని నియమమును ఇతరులపై రుద్దని పెద్దలు మన చుట్టుపట్ల నెందరున్నారో లెక్కించి చూడుడు.

ఈ సందర్భమున పోషకమహాశయులకు మా విన్నప మొకటి కలదు. మేము పనిచేసిన యొకానొక పాఠశాలలో వ్యాయామపు గంటను పరీక్షలు సమీపించిన పేర గణితమునకు మార్చివైచిరి. ఆ పిల్లలు గణితమున మెఱుగుపడినట్లు మేము చూడలేదు. సాయంకాలమునకు జగడములు మాత్రము హెచ్చినవి. నేడు మన పట్టణములలో పాఠశాలలు మేడలపై మేడలుగా లేచుచున్నవి. బంతి దొర్లుటకు జానెడు నేల లేదు. విద్యార్థివసతిగృహములకు విరాళములిచ్చు దాతలు గదు లెన్నియని యడుగుదురు, అది న్యాయమే. ఆటస్థల మెంతయని గూడ నడుగుదురేని, శిలాఫలకముపై నామముతోబాటు మైదానమున పిల్లల కేకలును దాతకు దక్కును. బాలికల విషయమును మఱువరాదు. నాయుడుగారి కుమార్తె చంద్రా నాయుడుగారు ఆంగ్లాధ్యాపకురాలై, 1977లో ఇందూరున క్రికెట్టు వ్యాఖ్యానము చేసి, దేశమున ఆ పని చేసిన తొలి మహిళగా పేరొందిరి.

తెలుగువారికి నాయుడుగారితో గల సంబంధము వంశమాత్రమైనది కాదు. ఆంధ్రరాష్ట్ర మేర్పడిన 1953లోనే ఆంధ్ర జట్టు ప్రథమముగా రంజీ పోటీలో ప్రవేశించెను. దానికి నాయకత్వము వహించుటకు ఏబదియెనిమిదేండ్ల నాయుడుగారు వచ్చిరి. విజయములు చవిచూచిన హోల్కరు జట్టు నాయకునకు, ఇంకను నడక నేర్వని జట్టుతో నాడుటవలన ఒరుగున దేమియు లేదు. ఉత్తరప్రదేశపు జట్టునకును 1956-57లో, అరువదియేండ్లు దాటిన పిదప, నాయకత్వము నెఱపిరి. ప్రథమశ్రేణి క్రికెట్టులో మొత్తము 207 ఆటలాడి 11,825 పరుగులును 411 వికెట్లును గడించిరి. 1956లో భారతప్రభుత్వము వారిని పద్మభూషణ బిరుదముతో సత్కరించెను. క్రికెట్టు క్రీడాకారులలో ఆ గౌరవమును ముందుగా నందినవారు వారే.

1967వ సంవత్సరము నవంబరు 14వ తేదీన ఇందూరునందు నాయుడుగారు దివంగతులైరి. పిమ్మట 1973-74లో ఇరువదిరెండేండ్లలోపు యువకుల కొఱకు అఖిలభారత స్థాయిలో నొక పోటీ వారి పేర నేర్పాటయ్యెను. వయఃపరిమితి తరువాత మార్పులు చెందినను, అది నేటికిని కర్నల్ సి. కె. నాయుడు ట్రోఫీ యను పేరనే జరుగుచున్నది. ఆంధ్ర, హైదరాబాదు జట్ల పిల్లలును అందు పాల్గొనుచున్నారు.